మూలా నక్షత్రం నాడు పీటెక్కిన వెక్టర్ పుస్తకాలు

మా మనవరాలు నిన్న వెక్టర్ కాలిక్యులస్ పుస్తకాలు నాలుగు తెచ్చి నా మంచం మీద పరిచి, తాతా, వీటిలో మంచిదేదో చెప్పు అని కూర్చుంది. నేను నోరు తెరిచేలోపలే ఒకటి తీసి రెండు పుటలు తిప్పి వదిలేసింది, ఇంకొకటి పట్టుకుంది, అందులోనూ నిలవక మూడోదానికి పోయింది. ఆ పిల్ల కుదురులేనితనం చూస్తుంటే నాకు నా ఇరవయ్యో ఏటి దసరా గుర్తొచ్చింది.

అవి యుద్ధం రోజులు. బస్సులు బొగ్గుతో నడిచేవి, కాగితానికి కరువు, మద్రాసు నుంచి ఒక పుస్తకం రావడమంటే ఎంత పనో మన కాలం వాళ్లకు చెప్పనక్కరలేదు. మాది ప్రొద్దుటూరులో మగ్గం ఇల్లు. నేను బి.ఎ.లో ఆ వెక్టర్ల పేపరు ఒకసారి తప్పాను. మళ్లీ తప్పితే చదువు చాలించి మగ్గం గుంటలోకి దిగమని మా నాయన నిమ్మళంగా చెప్పేశాడు, కోపంగా చెప్పి ఉంటే అంత భయపడేవాణ్ణి కాదు. ఆ దసరా సెలవులకు రైల్లో వస్తుంటే, కడపకు పోతున్న మా లెక్కల అయ్యవారు రెండు పుస్తకాలు తీసి నా ఒళ్లో పెట్టారు. ఒకటి ఇటుకరాయంత లావు, అందరూ మెచ్చేది. రెండోది పల్చటిది, ఎవరూ పట్టించుకోనిది.

"రెండూ చూడప్పా. దశమి మర్నాడు నేను మద్రాసు పోతాండా. నీకు యాది పనికొస్తుందో ఆ లోపల వచ్చి చెప్పు, తెస్తా" అన్నారు. రెండూ కొనే తాహతు మాకు లేదని ఆయనకు తెలుసు.

ఎర్రగుంట్లలో దిగి, బస్సు కుదుపుల్లో లావు పుస్తకం మొదటి పుటా, పల్చటిదాంట్లో నడుమ ఒక పుటా చూశానో లేదో ఊరొచ్చేసింది. ఇల్లు చేరేసరికి మూలా నక్షత్రం. మా అవ్వ నా చేతి సంచి లాక్కుని, రెంటికీ పసుపూ కుంకుమా పెట్టి, పీట మీద, నాయన మగ్గంలో నూలు పోగును అటూ ఇటూ తోసే నాడె పక్కన ఉంచేసింది. ఆ రోజు పీటెక్కిన పుస్తకం దశమి దాకా తెరవకూడదు గదా, ఆ సంగతే మరిచి సంచి ఊపుకుంటూ అవ్వకు ఎదురుగా పోయాను, నా ఖర్మ! కాళ్లావేళ్లా పడ్డాను.

"సరస్వతిని పీట మీంచి లేపుతావేమిరా? ఈసారి గూడా తప్పల్లనా?" అంది అవ్వ.

ఇక నా అవస్థ ఏమని చెప్పను! పండక్కి మగ్గాలు ఆగిన ఇంట్లో చప్పుడు లేదు, నాకు మాత్రం ఒకచోట కాలు నిలవదు, భక్ష్యం నోట పెట్టుకుంటే రుచి తెలియదు, పూజగది గడప దాకా పోవడం, అవ్వ దగ్గితే వెనక్కి రావడం. లావు పుస్తకంలో చదివింది గుర్తుచేసుకుందామంటే ఒక్క ముక్కా రాదు. పల్చటిదాంట్లో చూసిన ప్రశ్న మాత్రం చెవిలో జోరీగలా వదలలేదు: పారే నీళ్లలో చిన్న చక్రం వదిలితే అది నీళ్లతోబాటు పోతుంది సరే, పోతూ పోతూ తన చుట్టూ తాను తిరుగుతుందా?

ఆగలేక జొన్నబెండుతో చక్రం చేసి ఊరి పక్క కె.సి. కాలువకు పోయాను. నడిమధ్యలో వదిలితే తిరక్కుండా పోయింది. గట్టు పక్కన వదిలితే గిరగిరా తిరిగింది. గట్టు దగ్గర నీళ్లు మెల్లగా, కొంచెం అవతల వడిగా పోతున్నాయి, ఆ తేడాయే చక్రాన్ని తిప్పుతోంది! ఏడాది పొడుగునా కంఠస్థం చేసినా ఎక్కని కర్ల్, ప్రవాహం ఎక్కడ ఎంత తిప్పుతుందో చెప్పే ఆ లెక్క, ఇదా అని గట్టు మీద గంతులేశాను. వెనక మా నాయన నిలబడి ఉన్నాడు.

"పుస్తకాలు ఆడ, నువ్వు ఈడ. పిల్లగాళ్ల ఆటలాడుతాండావా?" అన్నాడు. ఆయన మొహంలో దిగులు చూసి నాకు సిగ్గేసింది, కానీ వెనకటంత భయం వేయలేదు.

దశమి పొద్దున అవ్వ తానే పుస్తకాలు తెచ్చి చేతికిచ్చింది. నేను తెరవకుండానే కడప బస్సెక్కి, అయ్యవారి ముందు పల్చటిది పెట్టాను. ఎందుకప్పా అని ఆయన అడిగితే, మూసినా ఇది నన్ను వదల్లేదండీ అన్నాను. ఆయన నవ్వి దాన్నే తెచ్చారు. ఆ ఏడు పేపరు గట్టెక్కింది, నేను మగ్గం గుంటలోకి దిగలేదు.

అదంతా మనవరాలికి చెప్పి, అన్నీ మూసెయ్యమ్మా, నాలుగు రోజులు పోనీ, ఏది నీ వెంటపడుతుందో చూడు అన్నాను. నాలుగు రోజులా తాతా అని నవ్వి, మళ్లీ మొదటిది తెరిచింది. మా ఇంట్లో ఇప్పటికీ మూలా నక్షత్రం నాడు పుస్తకం పీటెక్కుతుంది, కాకపోతే అక్కరలేని పాతదొకటి ఎక్కించి, కావలసినవి చేతిలోనే ఉంచుకుంటారు. ఈసారి ఆ నాలుగూ లాక్కుని పీట మీద పెట్టేద్దామా అనిపించింది. చెయ్యి చాచాను కూడా. కానీ అవ్వలా గద్దించడం నాకు చేతకాలేదు.