అత్తగారి కోటు

"ఆ బట్టలు ముట్టుకోకు. మిగతా కోడళ్లు వేసుకుంటారు," అంది ఆడపడుచు రేవై, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

ముచానెత చాచిన చెయ్యి ఆగింది. వంటపాకలో అత్తగారు చిహేరా శవపేటికలో ఉంది. గుటు వైపు పల్లెల్లో శవం లేచేముందు కోడళ్లు పోయినవాళ్ల బట్టలు తొడుక్కుని, వాళ్లలాగే నడిచి, వాళ్లలాగే తిట్టి, ఏడ్చేవాళ్లను నవ్వించాలి. ఆ పూట కోడలి నోటికి అడ్డు లేదు. ఆడపడుచైనా పడి ఊరుకోవలసిందే.

"ఎందుకు వదినా? నా ఒంట్లో హెచ్‌ఐవీ ఉందనా, బుర్ర చెడిందనా?"

"రెండూ. నలుగురిలో మా పరువు తియ్యకు."

భర్త పోయిన ఏడాది ముచానెత మంచం దిగలేదు. ఎవరికోసం బతకాలని మందుబిళ్లలు మానేసింది. రేవై ఆమె కప్పు వేరుగా పెట్టించింది. చిహేరా మాత్రం పొద్దున్నే జావగిన్నెతో వచ్చి, కర్రతో తలుపు బాదేది. "లేవే మహారాణీ! నువ్వు ముందు చస్తే నా శవం దగ్గర నన్నెవరు వెక్కిరిస్తారు? మింగు. నాలుక ఎత్తు, చూస్తాను." ఆసుపత్రికి లాక్కెళ్లి, "రక్తానికే కాదు, దీని దిగులుకీ మందు చూడు" అని నర్సుతో పోట్లాడింది.

దిగులు పూర్తిగా పోలేదు. ఈ పొద్దున మళ్లీ గుండెల మీదెక్కి కూర్చుంది. తలుపు బాదేవాళ్లు లేరు. బిళ్ల సీసాలోనే ఉండిపోయింది.

ముచానెత వదిన చెయ్యి కిందనుంచి దూరి అత్తగారి కోటు లాక్కుంది. తొడుక్కుని, కర్ర పట్టి, ఎడమకాలు ఈడుస్తూ వాకిట్లోకి వచ్చింది.

"ఏమే ముచానెతా! మింగావా?" అచ్చం అత్తగారి గొంతు.

"రేపు మింగుతాలే అత్తయ్యా," అని తనే నీరసంగా బదులిచ్చింది.

"రేపు నేనుండను కదే, సోమరిపోతా!"

వాకిట్లో ఎవరో ముసలావిడ కళ్లు తుడుచుకుంటూనే పకపకా నవ్వింది. అందరూ అందుకున్నారు. ముచానెత సీసా తీసి, అందరి ముందూ బిళ్ల మింగి, నాలుక ఎత్తి చూపించింది. రేవైకి మరీ దగ్గరగా వెళ్లి చూపించింది.

పేటిక లేచేసరికి ముచానెత వంటపాక గుమ్మానికి అడ్డంగా పడుకుంది. ఆడపడుచు డబ్బిస్తేనే కోడలు దారి వదలాలి. రేవై నాణెం నేల మీదికి విసిరింది.

"కోళ్లకు గింజలు చల్లుతున్నావా? చేతిలో పెట్టు వదినా."

"పెట్టమ్మా తల్లీ, భుజాలు పడిపోతున్నాయి!" అన్నారు మోసేవాళ్లు.

రేవై వంగి, నాణెం తీసి, ఆ అరచేతిలో పెట్టింది. ముచానెత వేళ్లు వెంటనే వదల్లేదు.

"చల్లగా ఉన్నావేమే? జావ తాగావా?" ఆ గొంతు మళ్లీ చిహేరాదే.

రేవై చెయ్యి లాక్కోలేదు. "ఆట అయిపోయింది," అంది. "కోటు విప్పు."

"బట్టల పంపకాలప్పుడు అడుగు."

ముచానెత మందుసీసా కోటు జేబులో వేసుకుని లేచింది. ఎడమకాలు ఈడ్చుకుంటూనే శవం వెంట నడిచింది.