మాత్ర దిగాక

తణుకు నుంచి రాజమండ్రి వెళ్ళే పాసింజరు రైలు అది. అప్పటికి నాకు డెబ్బై ఒకటి నిండి మూడు నెలలు. బీపీ మాత్ర గొంతులో అడ్డం పడింది, నా సీసాలో చుక్క నీళ్ళు లేవు. ఎదురుగా కూర్చున్న నలభయ్యేళ్ళావిడ తన సీసా మూత తీసి నా చేతికిచ్చింది. దగ్గుతూనే అడిగాను.

"మనవాళ్ళేనా అండి?"

అంటే కులమేమిటని. మా వైపు అలాగే అడుగుతాం.

"మాత్ర దిగాక చెప్తానండి. ముందు తాగండి," అందావిడ.

తాగాను. నిడదవోలు రాగానే ఆవిడ సంచి తీసుకుని లేచింది.

"దిగిందాండి?"

"దిగిందమ్మా."

"ఇంకా తెలుసుకోవాలనే ఉందాండి?"

లేదని అనలేకపోయాను. ఆవిడ కోప్పడలేదు. ఖాళీ సీసా అందుకుని దిగిపోయింది.

ముప్పై మూడేళ్ళు బడిలో సాంఘికశాస్త్రం చెప్పాను. మనుషులంతా ఒకటేనని ఏటా బోర్డు మీద రాశాను. ఆ ప్రయాణం తర్వాత ఎవరినీ ఆ మాట అడగలేదు. కొత్త మనిషిని చూసినా ఆ ప్రశ్న మనసులోకి రాని రోజున డైరీలో ఒక గీత పెట్టుకోవాలనుకున్నాను. నాలుగేళ్ళ రెండు నెలలైంది. ఇది ఐదో డైరీ. ఇంతవరకు ఒక్క గీత లేదు.