ఇంటర్వెల్ దాకా బాలమల్లు

శంషాబాద్ బాలమల్లుకు ఒక గుణం ఉంది. లోకమంతా విరగబడి చూసిన సినిమా అయినా సరే, ఆయన ఇంటర్వెల్ దాకానే చూస్తాడు. పోనీ ఆ సంగతి దాచుకుంటాడా అంటే అదీ లేదు. అడిగినవాళ్లకు చెప్తాడు, అడగనివాళ్లను ఆపి మరీ చెప్తాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, వందల సినిమాలకు పోయి వచ్చినవాడు, ఒక్కదానికైనా ఆఖరుకు ఏమైందో ఎరుగడు.

మనమైతే ఏం చేస్తాం? పేరున్న సినిమా చూడకపోయినా చూసినట్టే ఉంటాం. నలుగురు మాట్లాడుకుంటుంటే తల ఊపుతాం. "ఆ ఫైటుంది చూడు" అని ఎవరైనా అంటే "అబ్బ, ఆ ఫైటు" అని మనమూ ఓ మాట వేస్తాం. బాలమల్లుకు ఆ విద్య పట్టుబడలేదు.

ఆయన పని ఎయిర్‌పోర్టులో. ప్రయాణికులు ఎక్కడపడితే అక్కడ వదిలేసిన ట్రాలీలను ఒకదాంట్లో ఒకటి గుచ్చి, గూడ్సు బండంత పొడుగు చేసి తోసుకుపోతుంటాడు. ఒకరోజు చాయ్ దగ్గర క్యాబ్ డ్రైవర్ కొండల్ ఒక సినిమా గుర్తు చేసుకుని కళ్లు తుడుచుకున్నాడు. ఇద్దరు స్నేహితుల సినిమా అది, ఊరూరా వంద రోజులు ఆడింది.

"ఆ దోస్తు సచ్చిపోయినప్పుడు, అన్నా, నేను రెండొద్దులు అన్నం తినలే."

బాలమల్లు గ్లాసు కింద పెట్టాడు. "ఎవరు సచ్చిండు?"

"హీరో దోస్తు."

"ఎప్పుడు?"

"ఎప్పుడేంది అన్నా, సెకండాఫ్‌ల."

"నేనున్నప్పుడు మంచిగనే ఉండె గద. బండి మీద పాట గుడ పాడిండు." బాలమల్లు మొహం నిజంగానే చిన్నబోయింది. చావు కబురు అందక దినాలకు కూడా పోలేనివాడిలా కూర్చున్నాడు. "మస్తు మంచి పోరడు. ఏమైంది? దవాఖానకు తీస్కపోలేదా?"

కొండల్ సగం చాయ్ అక్కడే పారబోసి కారెక్కాడు. ఆ తర్వాత బాలమల్లు ముందు ఎన్నడూ ఏ సినిమా ఊసూ ఎత్తలేదు.

ఇంతకన్నా పెద్ద రభస బావమరిది రవీందర్‌తో అయ్యింది. రవీందర్‌ది మైలార్‌దేవ్‌పల్లి, కాటేదాన్‌లో చిన్న లేత్ షాపు. అన్నదమ్ముల సినిమా ఒకటి వస్తే అక్కనూ బావనూ వెంటబెట్టుకుని తీసుకుపోయాడు. బావ అలవాటు ప్రకారం ఇంటర్వెల్‌కు లేచాడు. సినిమా అయ్యాక గేటు దగ్గర కలిశాడు.

"మంచి సినిమా బామ్మర్దీ," అన్నాడు బాలమల్లు. "ఆ పెద్దన్న అసొంటి మనిషి ఇంటికొక్కడుండాలె."

రవీందర్ ఆగిపోయాడు. "ఏ పెద్దన్న? ఆస్తి కోసం తమ్మున్ని బాయిల దొబ్బినోడా?"

"గాయన దొబ్బుడేంది? తమ్ముని ఫీజు కట్టనీకి సొంత ఎద్దులమ్మిండు. గసొంటోడు గట్ల చెయ్యడు. నువ్వు వేరేటోన్ని చూసుంటవు."

"నా కండ్లతోని చూసిన బావా."

"నేను గుడ నా కండ్లతోనే చూసిన. నువ్వు ఎద్దులమ్మంగ చూసినవా లేదా?"

"చూసిన, కానీ..."

"ఇగ కానీ ఏంది? ఎద్దులమ్మినోడు మంచోడు."

రవీందర్ మాత్రం తాను పిలిచి తీసుకుపోయిన సినిమాకు విలువ ఇవ్వకుండా సగంలో లేచిపోయాడని ఆ ఏడు బోనాలకు అక్కను మాత్రమే పిలిచాడు.

ఈ గోసంతా పడేది ఆయన భార్య ప్రేమలత. శంషాబాద్ పాత ఊర్లో ఆమెకు బ్లౌజులు కుట్టే దుకాణం ఉంది. సినిమా అంటే ఆమెకు ప్రాణం. కథ అయిపోయి, శుభం కార్డు పడి, వంటవాళ్ల పేర్లూ డ్రైవర్ల పేర్లూ తెర మీద పైకి పోయి, ఊడ్చేవాళ్లు చీపుర్లతో లోపలికి వచ్చి "లేవమ్మా" అంటే తప్ప కుర్చీ వదలదు. అసొంటి ఆమెకు ఇసొంటి మొగుడు.

"సినిమా అంటే పెండ్లసొంటిదయ్యా," అనేది. "తలంబ్రాలు కాకముందే లేచిపోతరా ఎవలన్న?"

"బువ్వ తిన్న గద," అనేవాడు బాలమల్లు. "నాకు సాలు."

"నేను పక్క కుర్చీల తువ్వాల పెట్టుకోని చూస్తున్న నిన్ను కట్టుకున్నకాడి నుంచి. జనం నన్నేమనుకుంటరు?"

"తువ్వాల మంచిదే అనుకుంటరు."

అట్లాంటి మనిషితో ఏం మాట్లాడతారు? బయట టీ కొట్టు దగ్గర నిలబడి ముచ్చట్లు పెడుతుంటాడని ఆమె లెక్క. ఒకసారి ఉపాయంగా వరస మధ్యలో, అటు పదిమంది ఇటు పదిమంది ఉండే సీట్లు తీసుకుంది. ఇంటర్వెల్ అయ్యి లైట్లు ఆరాక ఆయన పదిమంది కాళ్లు తొక్కి, పదిమందికీ దండం పెట్టి, బయటపడ్డాడు. ఇంకోసారి తన కొంగు ఆయన చొక్కా గుండీ రంధ్రంలోంచి తీసి ముడివేసింది. సినిమా అయ్యాక లేవబోతే కుర్చీ చెయ్యి ఆమెను వెనక్కి గుంజింది. ముడి అదే, పద్ధతిగానే ఉంది. చొక్కాకు బదులు కుర్చీకి ఉంది.

దుకాణానికి వచ్చే ఆడవాళ్లకు ఇది పండగ. జాకెట్టు కొలతలు ఇస్తూ కళ్యాణి అడిగేది: "అక్కా, మొన్నటి సినిమాల ఆఖరుకు పెండ్లైందని చెప్పినవా అన్నకు?"

"చెప్పిన. 'ఎవలెవలకు?' అన్నడు."

ఈ ఏడు వాళ్ల పెళ్లికి ముప్పై ఏళ్లు నిండాయి. కూతురు అఖిల రాజేంద్రనగర్‌లో ఉద్యోగం చేస్తుంది. "అమ్మా, ఏం కావాలె నీకు? చీరనా, గాజులా?" అని అడిగింది.

"మీ నాయిన," అంది ప్రేమలత.

"నాయిన ఉన్నడు గదనే."

"సగమే ఉన్నడు. ఒక్క సినిమా, ఒక్కటంటే ఒక్కటి, ఆఖరు దాక నా పక్కన కూసోవాలె. ఇంకేం వద్దు నాకు."

అఖిల మాల్‌లోని థియేటర్లో ఆదివారం మ్యాట్నీకి రెండు టికెట్లు తీసింది. బయలుదేరేముందు ప్రేమలత చెప్పులు తొడుక్కుంటూ తేల్చి చెప్పింది: "ఇయ్యాల లేచినవనుకో, ఇగ జిందగీల నీతోని సినిమాకు రాను. నవ్వులాటకు అంటలేను."

"కోషిష్ చేస్త," అన్నాడు బాలమల్లు.

"కోషిష్ కాదు. కూసోవాలె."

ఆయన మొహం చూస్తే ఆమెకే జాలేసింది. పంటి దవాఖానకు తీసుకుపోతున్న పిల్లాడిలా ఉన్నాడు.

సినిమా మొదలైంది. సగం సినిమా వరకు బాలమల్లంత మంచి ప్రేక్షకుడు ఎక్కడా దొరకడు. అందరికన్నా ముందు నవ్వుతాడు. హీరోయిన్ బస్సు దిగుతుంటే "జర జూసి దిగు బిడ్డా" అని జాగ్రత్త చెప్తాడు. ఇంటర్వెల్ పడింది. ప్రేమలత ఆయన మణికట్టు పట్టుకుంది. ఆయన కదల్లేదు. లైట్లు ఆరిపోయాయి. అప్పటికీ కదల్లేదు. సెకండాఫ్ మొదలై పది నిమిషాలైంది. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆమె పక్క కుర్చీలో తువ్వాలకు బదులు మొగుడున్నాడు. ఆ సంతోషంలో ఆమె పట్టు కొంచెం వదిలింది.

అప్పుడు వెనక వరసలో ఒక పసిబిడ్డ ఏడుపు అందుకుంది. ముందు సన్నగా, తర్వాత గట్టిగా. ఎవరో విసుక్కున్నారు: "పిల్లగాన్ని బయటికి తీస్కపో అమ్మా." బాలమల్లు చీమల పుట్ట మీద కూర్చున్నట్టు మెసిలాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. వెనక ఒక చిన్న పిల్ల, ఇరవై రెండేళ్లుంటాయేమో, బిడ్డను భుజాన వేసుకుని లేచి నిలబడింది. పక్కనున్న ఆమె మొగుడు తెర మీంచి కళ్లు తిప్పలేదు.

"రెండు నిమిషాల్ల వస్త ప్రేమా," అన్నాడు బాలమల్లు. ఆమె చెయ్యి పట్టుకునేలోపు వరస దాటిపోయాడు.

రెండు నిమిషాలు కాదు, పదిహేను అయ్యాయి. తెర మీద ఏం జరుగుతోందో ప్రేమలతకు ఎక్కడం లేదు. పళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. కూర్చుని కూర్చుని, పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఎన్నడూ చెయ్యని పని చేసింది. సినిమా నడుస్తుండగా లేచింది. ఇయ్యాల టీ కొట్టు దగ్గరే అందరి ముందూ కడిగేస్తాననుకుంటూ తలుపు తోసుకుని బయటికి వచ్చింది.

టీ కొట్టు దాకా పోవాల్సిన పని పడలేదు. తలుపు పక్కనే, పొడుగాటి వరండాలో, బాలమల్లు పసివాణ్ని భుజాన వేసుకుని అటూ ఇటూ నడుస్తున్నాడు. వీపు మీద చిన్నగా తడుతూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. ట్రాలీలు తోసి తోసి కాయలు కాసిన ఆ చెయ్యి పిల్లాడి వీపంతా కప్పేసింది.

"ఎవరి పోరడు?" అంది ప్రేమలత.

"మెల్లగ. ఇప్పుడే పండిండు."

"ఎవరి పోరడని అడుగుతున్న."

"గా పిల్లది. లోపటికి పొమ్మన్న, గీ తలుపు పక్క సీట్ల కూసున్నది. సినిమా చూస్తున్నది."

థియేటర్ ఊడ్చే లింగమ్మ చీపురు గోడకానించి నవ్వింది. "అక్కా, నువ్వేనా అన్న భార్యవు? నేను పాత టాకీసుల చేసినప్పటి సంది చూస్తున్న. అన్నొచ్చిన ఆటకు తల్లులందరు సినిమా మొత్తం చూస్తరు. ఒకపారి ముగ్గురు పోరగాండ్లు. ఇద్దరు చేతులల్ల, ఒకడు మెడ మీద."

ప్రేమలత నోటికి ముందు తిట్టే వచ్చింది. "ఎన్నేండ్ల సంది చేస్తున్నవయ్యా గీ పని?"

"అఖిల పుట్టినప్పటి సంది." బాలమల్లు పిల్లాణ్ని రెండో భుజం మీదికి మార్చుకున్నాడు. "యాదిలేదా? పెండ్లికి ముందు నేను సినిమాలకే పోలే, పెండ్లైనాక మొదటిసారి దాన్ని తీస్కోనే పోయినం. ఇంటర్వెల్ కాంగనే ఏడుపు లంకించుకున్నది. జనం ఒర్లుతున్నరు. నువ్వు లేచినవు, కానీ కండ్లు తెర మీదనే ఉన్నయి. నేను గుంజుకోని బయటికొచ్చిన. వచ్చి చూస్తే బయట ఐదుగురు తల్లులు, ఐదుగురు పిల్లలు. తండ్రొక్కడు గుడ లేడు."

ప్రేమలత గోడ పక్క బెంచీ మీద కూలబడింది. అఖిల చంటిపిల్లగా ఉన్న ఏళ్లలో తాను చూసిన సినిమాలన్నీ వరసగా గుర్తొచ్చాయి. ప్రతి పాటా గుర్తుంది. ప్రతి క్లైమాక్సూ గుర్తుంది. పిల్ల ఎవరి దగ్గరుందో మాత్రం ఒక్కసారి కూడా తోచలేదు. మొగుడు సగంలో లేచిపోయాడని ముప్పై ఏళ్లుగా ఊరంతటికీ తానే చెప్పుకుంది.

"మరి చెప్తే నీ సొమ్మేం పోయింది? సగమే చూసిన, సగమే చూసిన అని ఊరంత చాటింపేస్తివి గద."

"అది నిజమే గద, సగమే చూసిన. గిది చెప్తే నువ్వు లోపట కూసుంటవా? లేచి నా ఎంబడి బయటికొస్తవు." ఆమెను పైనుంచి కిందికి చూశాడు. "ఇగో, వచ్చినవు."

ఆమెకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. లేచి పిల్లాణ్ని ఆయన భుజం మీంచి తీసుకుంది. "పో. నువ్వు పోయి చూడు. ఇయ్యాల వీన్ని నేనెత్తుకుంట."

"వద్దు ప్రేమా."

"పొమ్మంటున్న గద. ఒక్క ఆఖరన్న చూడు జిందగీల. పో."

ఆమె గొంతు అట్లా ఉన్నప్పుడు ఎదురు చెప్పకూడదని బాలమల్లుకు తెలుసు. బడికి ఆలస్యమైన పిల్లాడిలా తలుపు తీసుకుని లోపలికి పోయాడు. లింగమ్మా ప్రేమలతా తలుపు వైపే చూస్తూ నిలబడ్డారు. మూడు నిమిషాలు కాకముందే తలుపు తెరుచుకుంది. బాలమల్లు బయటికొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"ఏమైంది మల్ల?"

"లోపట పెద్దోళ్లందరు ఏడుస్తున్నరు ప్రేమా," అన్నాడు. "నా పక్కపొంటి మీసాలోడు గుడ ఎక్కిళ్లు వెట్టి ఏడుస్తుండు. వాళ్లందర్ని ఎవరెత్తుకోవాలె?"

ప్రేమలతకు నవ్వు ఆగలేదు. ఆపుకుందామనుకున్న కొద్దీ పొంగింది. ఆ నవ్వుకు భుజం మీది పిల్లాడు ఉలిక్కిపడి లేచి, మొత్తం వరండా అదిరేటట్టు రాగమెత్తుకున్నాడు. "చేసినవా పని," అని బాలమల్లు చేతులు చాచాడు. ఆమె ఇవ్వలేదు. సినిమా అయిపోయేదాకా ఇద్దరూ పక్కపక్కనే నడిచారు, ఆ చివరి నుంచి ఈ చివరికి.

తలుపులు తెరుచుకుని జనం ముక్కులు తుడుచుకుంటూ వచ్చారు. పిల్లాడి తల్లి పరుగున వచ్చి బిడ్డను అందుకుంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి, మొహం వెలుగుతోంది. "పెండ్లైనాక మొత్తం చూసిన మొదటి సినిమా ఇది ఆంటీ. మీరు చూడలేదా?"

"సగమే చూసినమ్మా," అంది ప్రేమలత. ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని ఆమె అనుకోలేదు.

ఆ పిల్ల వెళ్లిపోయాక బాలమల్లు మెట్ల వైపు రెండడుగులు వేసి వెనక్కి చూశాడు. పెళ్లాం రావడం లేదు. లింగమ్మ దగ్గర నిలబడి గొంతు తగ్గించి ఏదో అడుగుతోంది.

"ఐతారం ఏ ఆటకు చంటిపిల్లలు ఎక్కువొస్తరు, లింగమ్మా?"