రద్దయిన వారెంటు

కొత్త శిక్షాస్మృతి అమల్లోకి వచ్చిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను నంద్యాల నుంచి ఆళ్లగడ్డ కోర్టు పరిధిలోని ఒక స్టేషనుకు బదిలీ చేశారు. హోదా ఏఎస్సై. చేరిన రెండో వారంలో ఎస్సై గారు ఒక నాన్-బెయిలబుల్ వారెంటు నా చేతిలో పెట్టారు. వాయిదాకు రాని ముద్దాయిని పట్టి తెమ్మని కోర్టు ఇచ్చే ఉత్తర్వు అది. ముద్దాయి ఆడమనిషి కనుక మహిళా సిబ్బందే వెళ్లాలి.

ఆమె పేరు సలోమి. దొర్నిపాడు వైపు ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. పాత కాలువ నీళ్ల తగాదా కేసులో మూడో ముద్దాయి. పొద్దున కేంద్రానికి బయలుదేరుతుంటే వాకిట్లోనే పట్టుకున్నాం. "అక్కా, ఆ వారెంటు పోయిన వారమే కోర్టులో ఎత్తేసినారు. కాయితం ఇంట్లో ఉంది, తెచ్చి చూపిస్తా" అంది. ఇంట్లోకని పోయి దొడ్డి వాకిలి గుండా ఉడాయించినవాళ్లను నా సర్వీసులో చాలామందిని చూశాను. "యాడికి పోతాండావ్? ఆ కతలు నాకాడ చెప్పొద్దు, జీపెక్కు" అని రెక్క పట్టి లాగాను. ఆమె విదిలించుకుంది. నేను వదల్లేదు. నా మణికట్టు కొరికింది, రక్తం వచ్చింది.

నాకు ఒళ్లు మండింది. దారిపొడవునా ఆమెకు సెక్షన్లు అప్పజెప్పాను. విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగి మీద చెయ్యి చేసుకుంటే 132, రెండేళ్ల దాకా జైలు, బెయిలు హక్కుగా రాదు. చట్టబద్ధమైన అరెస్టును అడ్డుకుంటే 262, అదీ రెండేళ్ల దాకా. ఆమె ఒక్కటే అడిగింది, కేసయితే నా ఉద్యోగం పోతాదా అక్కా అని. పోతుందన్నాను.

ఆస్పత్రిలో ఆమెకు పరీక్ష, నాకు కట్టు అయ్యాక కోర్టుకు తీసుకెళ్లాం. బెంచి గుమాస్తా ఫైలు తిప్పి చూపించాడు. వారెంటు వారం కిందటే రీకాల్, అంటే రద్దు, అయిపోయింది. ఆ ఉత్తర్వు మా స్టేషనుకు వచ్చి, తపాలా కట్టలో విప్పకుండా పడి ఉందని స్టేషనుకు ఫోను చేస్తే తేలింది. ఆమెను అక్కడే వదిలేశారు. సిగ్గుతో నేను తలెత్తలేకపోయాను.

స్టేషనుకు వచ్చేసరికి ఎస్సై గారు ఫిర్యాదు టైపు చేయించి ఉంచారు. గాయపడింది నేను కనుక సంతకం నాదే కావాలి. "వారెంటు సంగతి ఇడ్సిపెట్టమ్మా. పోలీసోళ్లను కొరికినా కేసు లేదంటే రేపు మనల్ని ఎవడు లెక్కజేస్తాడు?" అన్నారు. మన చేతిలో ఉన్నది చెల్లని కాగితం సార్, అది చట్టబద్ధమైన అరెస్టు ఎట్లవుతుంది అన్నాను. రిటైరయ్యే ముందు మెమో తెచ్చుకుంటావా అని అడిగారు. తెచ్చుకుంటానన్నాను. స్టేషన్లో జరిగింది జరిగినట్టు రాసే జనరల్ డైరీ ముందుకు లాక్కుని నా చేత్తోనే రాశాను: వారెంటు రద్దయిందని ఆమె చెప్పింది, కాగితం చూపిస్తానంది, నేను వినలేదు. ఎస్సై గారు చదివి, లేచి వెళ్లిపోయారు.

అన్నట్టే మెమో వచ్చింది. వివరణలోనూ అవే మాటలు రాశాను. మందలింపుతో సరిపెట్టారు. సలోమి మీద కొత్త కేసు కాలేదు, ఉద్యోగం నిలిచింది. రెండు నెలల తర్వాత వాయిదాకు వచ్చి కోర్టు వరండాలో కనబడింది. క్షమించమని అడిగాను. "ఊరంతా చూసిరి గదక్కా. ఏం తప్పు చేసినావని పిల్లోళ్ల తల్లులు ఇప్పటికీ అడుగుతాండారు. వాళ్లకు ఎవరు జెప్పాల?" అంది. మరుసటి రోజు యూనిఫాంలో ఆ ఊరికి వెళ్లి, అంగన్‌వాడీ కేంద్రం ముందు నిలబడి, తప్పు నాదని తల్లులందరికీ నేనే చెప్పాను.

అరెస్టును అడ్డుకోవడం నేరమే. కానీ ఆ అరెస్టు సక్రమమో కాదో ముందుగా తేల్చుకోవలసింది పట్టుకునేవాళ్లు. ఆ పని కోర్టుకు ఒక్క ఫోనుతో అయిపోతుంది. అది తెలుసుకునే నాటికి నా సర్వీసు దాదాపు అయిపోయింది.