కోరుట్లలో మళ్లీ ఫొటో కడిగిన రోజు

కోరుట్లలో మా ఫొటో స్టూడియో నడిచినన్నాళ్లూ ఫొటోలు తీసేది నాన్న, కడిగేది అమ్మ. ఈ సంగతి ఊళ్లో చాలామందికి తెలియదు. స్టూడియో వెనక చిన్న చీకటి గది ఉండేది. అమ్మ లోపలికెళ్లి గడియ పెట్టుకుంటే, వెలుతురు పడి కాగితాలు పాడవుతాయని మమ్మల్ని ఆ తలుపు దగ్గరికి కూడా రానిచ్చేవారు కాదు. డిజిటల్ వచ్చాక స్టూడియో మూతపడింది. తర్వాత నాన్న పోయారు. నేను పెళ్లయి సిరిసిల్లలో బట్టలు కుట్టుకుంటూ బతుకుతున్నాను. నాకు యాభై దగ్గరపడినా, అమ్మ ఆ గదిలో ఏం చేసేదో ఒక్కసారీ చూడలేదు.

పోయిన వానాకాలం నేను అమ్మ దగ్గరున్నప్పుడు బుగ్గారం నుంచి ఒకామె వచ్చింది. నా ఈడుదే. జగిత్యాల ఆసుపత్రిలో ఆయాగా పనిచేస్తుందట. వాళ్ల నాన్న కల్లు గీసేవాడు. ఈమె ఇంకా తల్లి కడుపులో ఉండగానే తాటిచెట్టు మీంచి పడి చనిపోయాడు.

"మా బాపును నేను సూడనే లేదవ్వా. ఇంట్ల ఒక్క ఫోటో లేదు. కోరుట్ల సారు అచ్చి చెట్లెక్కేటోళ్లందరికి సర్కారు కార్డుల కోసం ఫోటోలు తీసిండని మా పెద్దమ్మ చెప్పింది. గదేమన్న దొరుకుతదేమోనని అచ్చిన."

అమ్మ లేచి అలమార మీది రేకు డబ్బా దింపింది. అందులో ఒక్కో ఊరి నెగటివ్‌లు ఒక్కో కవర్లో ఉన్నాయి. ఆ రోజుల్లో కార్డు ఫొటోకి మనిషి చేతికి పేరు రాసిన పలక ఇచ్చేవారు. అమ్మ ఆమె తండ్రి పేరు అడిగి, బుగ్గారం కవరు విప్పి, ఒక్కోటీ కిటికీ వెలుగుకు పట్టి చూసి, చాలాసేపటికి ఒకటి ఆమె చేతిలో పెట్టింది. ఆమె పలక మీది పేరు కూడబలుక్కుని చదివింది.

"పేరు మా బాపుదే. మొఖమే సమజైతలేదు." నెగటివ్‌లో ముఖం నల్లగా, మీసం తెల్లగా ఉంది మరి.

"జగిత్యాలల కంప్యూటర్ల ఏసి తీసిస్తరు గదమ్మా," అన్నాను.

"నేనే కడుగుత," అంది అమ్మ. "ఐతారం రా బిడ్డా."

హైదరాబాద్ నుంచి ఫొటో కాగితం, మందులు తెప్పించాను. హైపో మాత్రం నాన్న కొన్నదే ఉంది. గట్టి మూత కింద పటికబెల్లం పలుకుల్లా మెరుస్తోంది.

ఆదివారం పొద్దున అమ్మ నీళ్లు కాచి చల్లార్చింది. ముందు బొమ్మను తేల్చే మందు, డెవలపర్. ఒక పొడి పూర్తిగా కరిగి నీళ్లు తేటపడితే గాని ఇంకోటి వెయ్యలేదు. గాజు కడ్డీ నా చేతికిచ్చి, "జోరుగ తిప్పకు. గాలి కలిస్తె మందు సచ్చిపోతది," అంది.

తర్వాత బొమ్మను నిలిపే హైపో. బకెట్‌లో వేడినీళ్లు పోసి, పలుకులు కుమ్మరించి, "పట్టుకో," అంది. పట్టుకున్నాను. చూస్తుండగానే ఆ వేడి నా అరచేతుల కింద ఎటో వెళ్లిపోయింది. నీళ్లు బావినీళ్లంత చల్లబడ్డాయి. నమ్మలేక చేతులు తీసి మళ్లీ పెట్టాను.

అమ్మ నవ్వింది. "కరిగేటప్పుడు నీళ్ల ఏడినంత గుంజుకుంటది. కొత్తల నేను గూడ బుగులువడ్డ."

మధ్యాహ్నం బుగ్గారం ఆమె వచ్చింది. పాత చీకటి గది కిటికీకి బొంత కట్టి, ఎర్ర బల్బు వేసి, ముగ్గురం లోపల నిలబడ్డాం. బొమ్మను పెద్దది చేసే పాత యంత్రంలో నెగటివ్ పెట్టి, అమ్మ కాగితం మీద కాసేపు వెలుగు పడనిచ్చింది. తెల్ల కాగితం తెల్లగానే ఉంది. దాన్ని డెవలపర్ పళ్లెంలోకి జార్చి, పళ్లెం అంచు పట్టుకుని ఊపసాగింది.

మొదట పలక నల్లబడింది. తర్వాత జుట్టు, మీసం. తర్వాత రెండు కళ్లు మందులోంచి మమ్మల్నే చూశాయి.

"అచ్చిండు," అందామె గుసగుసగా. "అవ్వా, అచ్చిండు!"

"ఆగు బిడ్డా. ఇంకా అస్తున్నడు."

చెంపలు, మెడ, భుజం మీద చెట్టెక్కే మోకు మెల్లగా తేలాయి. నేను అమ్మ వైపు చూశాను. ఇన్ని ఊళ్ల మనుషులు ఇలాగే ఒక్కొక్కరుగా ఆమె చేతుల్లోకి వచ్చారు. సాయంత్రానికి మాకు అన్నం పెట్టడానికి ఏమీ జరగనట్టే బయటికి వచ్చేది.

హైపోలో ముంచి తీశాక లైటు వేసి, ఫొటోను నల్లా కింద చాలాసేపు కడిగాం. ఆమె ఆ ముఖాన్ని కళ్లార్పకుండా చూసింది.

"గింత పిలగాడా మా బాపు? నా కొడుకంత గూడ లేడు గదవ్వా!" అని ఏడుస్తూనే నవ్వింది.

ఆరిన ఫొటోను రెండు అట్టల మధ్య పెట్టి ఇచ్చాం. తుంపర పడుతుంటే కొంగు కింద దాచుకుని బస్సెక్కింది.

మిగిలిన డెవలపర్‌ను అమ్మ గోధుమరంగు సీసాలోకి వంచింది. మెడ దాకా నిండలేదు. కడిగిన గాజు గోళీలు ఒక్కొక్కటే లోపలికి జారవిడిచింది. మందు పైకి లేచి, గాలికి చోటు లేకుండా మూతిదాకా వచ్చింది. బిగించి, ఎవరూ తాగకుండా మెడకు ఎర్రగుడ్డ కట్టి, అందనంత ఎత్తులో పెట్టింది.

తర్వాతి నెల వెళ్లి చూస్తే ఆ మందు రంగు మారలేదు, చెడిపోలేదు. అమ్మ ఇంకో నెగటివ్ తీసింది. ఈసారి పళ్లెం నన్ను ఊపమంది.