మైన్‌పాట్ రిజిస్టర్‌లో నా చేతిరాత

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఇది చదివి ఎవరైనా "చూశారా, చివరికి ఆవిడ కూడా ఒప్పుకుంది" అని ఊరేగిస్తే నేను ఊరుకోను. దయ్యాలు లేవు. ఆత్మలు తిరగవు. పాతికేళ్లుగా ఈ మాట వేదికల మీద చెప్పాను, పత్రికల్లో రాశాను. పసుపునీళ్లలో సున్నం కలిపి "అమ్మవారి రక్తం" పుట్టించిన ఒక బాబా పక్కనే నిలబడి, అదే రక్తాన్ని నేనూ గ్లాసుల కొద్దీ పుట్టించి చూపించాను. నా మాటలో ఇప్పుడు కూడా మార్పు లేదు. అయితే జరిగినదాన్ని మన సిద్ధాంతానికి ఇబ్బంది అని దాచిపెట్టడం బాబాలు చేసే పని. అందుకని రాస్తున్నాను.

మాది రైల్వే కుటుంబం. నాన్న విజయనగరం నుంచి గార్డు ఉద్యోగానికి వచ్చి రాయపూర్‌లోనే ఉండిపోయారు. పచ్చి నాస్తికుడు. నాది దండల పెళ్లి. మంత్రాలు లేవు, తాళి లేదు, నలుగురు వక్తల ఉపన్యాసాలు, రెండు సంతకాలు. నా భర్త భాస్కర్ భన్‌పురిలో ఒక చిన్న ఫ్యాక్టరీలో యంత్రాల మరమ్మతు చూసే ఇంజనీరు. నాకంటే తక్కువ మాట్లాడతాడు. అది పెద్ద విశేషం కాదు, నాకంటే అందరూ తక్కువే మాట్లాడతారు.

పదేళ్ల కిందటి అక్టోబరు అది. గాంధీ జయంతి శుక్రవారం పడింది. శని, ఆదివారాలు కలిపితే మూడు రోజులు. అమర్‌కంటక్ వెళ్దామని పొద్దున్నే కారులో బయల్దేరాం. బిలాస్‌పూర్‌లో టీ తాగుతూ ఫోన్లు చేస్తే అక్కడ ఒక్క గదీ ఖాళీ లేదు. అప్పుడు భాస్కర్, "ఛోడో, అది వదిలెయ్. మైన్‌పాట్ కొండకి పోదాం. చూడలేదు కదా మనం" అన్నాడు. ఇద్దరం అంతకుముందు అక్కడికి వెళ్లలేదు. మేం అక్కడికి వెళ్తామని ఆ టీకొట్టు దాకా మాకే తెలియదు. ఈ సంగతి ఎందుకు రాస్తున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

సాయంత్రం నాలుగు దాటాక కొండ ఎక్కాం. టిబెట్ వాళ్ల జెండాలు, లేత గులాబీ రంగు పూలతో కొండగోధుమ చేలు, చల్లటి గాలి. ఒక ప్రైవేటు విడిది దొరికింది. రేకుల కప్పు, వరసగా నాలుగు గదులు. ఫూల్మతి అనే యాభై ఏళ్ల మనిషి ఒక్కతే వంట దగ్గర్నుంచి తాళాల దాకా చూసుకుంటుంది. నన్ను చూసి, "వచ్చావా దీదీ? అదే గది ఖాళీగా ఉంది" అని హిందీలో అంటూ తాళంచెవి నా చేతిలో పెట్టింది. వచ్చిన ప్రతివాళ్లనీ పాతచుట్టాల్లా పలకరించడం వ్యాపారంలో ఒక పద్ధతి. మనసులోనే నవ్వుకున్నాను.

భాస్కర్ సామాను దింపుతున్నాడు. రిజిస్టర్ నేను రాశాను. రాశాక పాత పేజీలు తిప్పాను. ఇది మా రాయపూర్ తెలుగువాళ్ల జబ్బు. రైలు పెట్టెకు అంటించిన చార్టులో, ఆస్పత్రి వార్డు పలకలో, పెళ్లి పందిట్లో కానుకల చిట్టాలో, ఎక్కడ పేర్లు కనబడితే అక్కడ మన ఇంటిపేర్లేమైనా ఉన్నాయా అని వెతుకుతాం. పట్నాయక్‌లు, తివారీలు, సాహూలు పోతూ ఉండగా ఒక్క తెలుగు సంతకం తగిలితే అదో తృప్తి.

ఆ ఏడాదే ఫిబ్రవరి మూడో వారంలో ఒక తెలుగు సంతకం తగిలింది. నాదే.

పేర్లు హిందీలో ఉన్నాయి: విమల, భాస్కర్. రాయపూర్. మూడు రోజులు. సంతకం తెలుగులో. ఫోన్ నంబరు నాది. ఆ నంబరులో రెండు ఏడులున్నాయి. ఆ రెండింటి నడుముకీ అడ్డగీత ఉంది. ఒకటికీ ఏడుకీ తేడా తెలియాలని నాన్న గార్డు పుస్తకంలో అలా రాసేవారు, నాకూ అలాగే నేర్పారు. నేను ఇప్పుడే రాసిన నంబరు పక్కన ఆ పేజీ పెట్టి చూశాను. ఒక చెయ్యి రాసినట్టే ఉంది.

ఎవరికీ చెప్పలేదు. ఫోన్‌తో ఆ పేజీ ఫోటో తీసుకుని రిజిస్టర్ మూసేశాను.

ఫిబ్రవరి మూడో వారం నాకు బాగా గుర్తుంది. భాస్కర్ కంపెనీ పని మీద నాగ్‌పూర్ వెళ్లాడు. నాతో చెప్పింది మాత్రం అదీ.

మర్నాడు పొద్దున ఫూల్మతి రొట్టెలతో ఒక పచ్చడి పెట్టింది. అమారీ భాజీ పచ్చడి, అంటే మన గోంగూరే. నోట్లో పెట్టుకోగానే చెయ్యి ఆగిపోయింది. అందులో వేయించిన అవిసె గింజలు నూరి కలిపారు. అది ఎవరి వంటా కాదు. ఒకసారి ఇంట్లో నువ్వులు అయిపోతే నేను చేసిన ప్రయోగం. మా ఇంట్లో తప్ప ఎక్కడా తినలేదు.

వంటింట్లోకి వెళ్లి, ఇది ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. ఆమె నా భుజం మీద చిన్నగా తట్టింది.

"దీదీ మజాక్ చేస్తోంది. నువ్వే కదా, ఇక్కడే పీట వేసుక్కూచుని నూరావు."

నువ్వు చూసింది నన్నేనా, మరెవరినైనా చూసి పొరబడుతున్నావా అన్నాను. పొరబాటెందుకవుతుంది, ఎడమచేత్తో ఉప్పు వేసే మనిషిని ఇంకొకర్ని చూడలేదు అంది. నేను ఎడమచేత్తోనే ఉప్పు వేస్తాను. మరి నాతో వచ్చిన భైయా సంగతి అడిగాను. ఆయన్ని సరిగా చూడలేదట. జ్వరమని మూడు రోజులూ గదిలోనే పడుకున్నాడట, కంచం నేనే తీసుకెళ్లేదాన్నట. "ఈ భైయాయే అయ్యుంటాడు" అని పొయ్యి వైపు తిరిగింది.

నేను విన్నది నాకు కావలసినంతే. హేతువాదికి రెండు దారులే కనబడతాయి. ప్రకృతి నియమం తప్పిందనుకోవాలి, లేదా ఒక మనిషి అబద్ధమాడాడనుకోవాలి. ప్రకృతి నియమం తప్పగా ఎవరూ చూడలేదు. మనుషులు అబద్ధమాడటం రోజూ చూస్తున్నాం. భాస్కర్ ఒక స్త్రీని ఇక్కడికి తీసుకొచ్చాడు. ఆమె నా పేరు పెట్టుకుంది. నా రాతకు ఇంట్లో నమూనాలు కావలసినన్ని. పచ్చడి అతనికీ వచ్చు, మా ఇంట్లో ఒకరోజు నేను వండితే ఒకరోజు తను వండుతాడు. ఇక ఫూల్మతి, తెలుగు మాట్లాడే ఇద్దరు ఆడవాళ్లను కలిపి ఒకరిని చేసుకుంది. ఎక్కడా అతుకు కనబడలేదు. నిజం చెప్పాలంటే, అంత దుఃఖంలోనూ ఆ వాదం కుదిరిన తీరు చూసి కొంచెం గర్వపడ్డాను.

మధ్యాహ్నం ఉల్టాపానీ చూడ్డానికి వెళ్లాం. అక్కడ ఒక చిన్న కాలువలో నీళ్లు ఎత్తు వైపు పారుతున్నట్టు కనిపిస్తాయి. జనం కాగితం పడవలు వేసి దండాలు పెడుతున్నారు. నేను అలవాటు కొద్దీ మొదలుపెట్టాను. చుట్టూ ఉన్న నేల వాలు వల్ల కన్ను మోసపోతోంది, మట్టపుకర్ర పెడితే తేలిపోతుంది అని ఒక కుటుంబానికి వివరించాను. భాస్కర్ నవ్వుతూ, "ఛుట్టీలో కూడా డ్యూటీయేనా? పోనీ, ఒక్క పడవన్నా ఎక్కనివ్వు పైకి" అన్నాడు.

వాళ్లు వెళ్లాక అడిగాను.

"ఫిబ్రవరిలో ఇక్కడికి ఎవరిని తీసుకొచ్చావు?"

అర్థం కానట్టు చూశాడు. ఫోటో చూపించాను. పెద్దది చేసి, కళ్లద్దాలు పైకి తోసి, చాలాసేపు చూశాడు.

"ఇది నీ రాత."

"నా రాతలా ఎవరో రాసింది. నువ్వెక్కడున్నావప్పుడు?"

"నాగ్‌పూర్‌లో ఉన్నాను విమలా."

"ఉన్నానని చెప్పావు."

అతని మొహంలో రంగు మారింది గానీ గొంతు పెంచలేదు. తన ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. "మిశ్రాజీకి చెయ్యి. స్పీకర్ పెట్టు. నేను నోరు విప్పను."

నేను చేశాను. సిగ్గుపడాల్సిన చోట వెనకాడలేదు. మిశ్రా అతనితో పనిచేసే పెద్దాయన. ఏదో బిల్లు లెక్క కోసమన్నట్టు నాగ్‌పూర్ సంగతి అడిగాను. "అరే భాభీజీ, ఆ మూడు రోజులూ మీ ఆయన గురక భరించింది నేనే. ఒకే గది ఇచ్చారు. ఇప్పుడైనా కంప్లయింటు రాసుకుంటానంటే చెప్పండి" అని నవ్వాడు. తర్వాత భాస్కర్ తన మెయిల్ తెరిచాడు. కొత్త యంత్రం పరీక్ష జరిగిన రోజు తీసిన ఫోటో, తేదీతో సహా. నలుగురి మధ్య నూనె మరకల చొక్కాతో నిలబడి ఉన్నాడు.

పావుగంటలో నా భర్త నిర్దోషి అయ్యాడు. గుండె తేలికపడింది. కారు దగ్గరికి నడిచే ఆ నాలుగు అడుగుల సేపే ఆ తేలిక నిలిచింది.

అతను కాకపోతే ఆ కాగితం మీద మిగిలిందెవరు? రాత నాది. నంబరు నాది. పచ్చడి నాది. సాక్షి వేలు చూపించింది నన్ను. గదిలో ఉన్న మగవాణ్ని ఆమె సరిగా చూడనే లేదు. ఆ మూడు రోజులూ భర్త ఊళ్లో లేడు. నిన్న సాయంత్రం నుంచీ నేను అతని మీద మోపిన కేసులో ప్రతి ఆధారమూ నా పేరే చెబుతోంది. రిజిస్టర్ చూసిన క్షణంలో అతనికి రావలసిన ప్రశ్నను నేను అతన్ని అడిగాను.

అతను మాత్రం నన్ను అడగలేదు.

ఆదివారం పొద్దున్నే దిగిపోయాం. దారి పొడుగునా గేరు గురించి, రోడ్డు గుంతల గురించి మాట్లాడాడు. కట్‌ఘోరా దగ్గర ధాబాలో భోంచేస్తుండగా నేనే ఉండబట్టలేక, "నన్నేమీ అడగవా?" అన్నాను. "రోటీ ఇంకోటి చెప్పనా?" అన్నాడు.

ఇంటికొచ్చాక వెతకడం మొదలుపెట్టాను. ఆ మూడు రోజులు నేను ఇంట్లోనే ఉన్నాను. జాతకాల మీద ఒక వ్యాసం రాస్తూ గడప దాటలేదు. ఇది నాకు తెలుసు. కాని ఎవరు చూశారు? పనిమనిషి సెలవు పెట్టి ఊరెళ్లింది. ఎదురింటివాళ్లు ఆరంగ్‌లో పెళ్లికి వెళ్లారు. రాసేటప్పుడు ఫోన్ ఆపేయడం నాకు అలవాటు, దాన్ని గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా. వ్యాసం చిత్తుప్రతి దొరికింది. దాన్ని మైన్‌పాట్‌లో కూర్చుని రాయలేదని ఏ అక్షరం చెబుతుంది?

నా మీద కోపం ఉన్నవాళ్ల పని అనుకున్నాను. మఠాలతో, బాబాలతో తగాదాలు పడ్డదాన్ని, శత్రువులకు కొదవ లేదు. కాని మేం ఆ కొండకి వెళ్తామని, ఆ విడిదిలోనే దిగుతామని, నేను పాత పేజీలు తిప్పుతానని ఎనిమిది నెలల ముందు ఎవరికి తెలుసు? బ్యాంకులో సంతకాలు సరిచూసే పని చేసి రిటైరైన ఒక మిత్రుడికి, సంగతి చెప్పకుండా రెండు రాతల ఫోటోలూ చూపించాను. "రెండూ ఒకళ్లవే. చెక్కు మీదైతే ఆపను" అన్నాడు. మతిమరుపు జబ్బేమోనని డాక్టరు దగ్గరికీ వెళ్లాను. ఏమీ లేదన్నాడు. మూడు రోజులు నాకు తెలియకుండా నేను నాలుగొందల కిలోమీటర్లు వెళ్లి, ఒక జ్వరం మనిషికి కంచం అందించి వచ్చానని నమ్మాలంటే, దానికంటే దయ్యాన్ని నమ్మడం తేలిక.

ఒక ఆదివారం భాస్కర్ వచ్చేసరికి హాలు నిండా కాగితాలు పరుచుకుని కూర్చున్నాను.

"ఏం వెతుకుతున్నావు?"

"అప్పుడు నేను ఇంట్లోనే ఉన్నానన్న రుజువు."

"నేనడిగానా?"

"అడగలేదు. అడుగు."

అతను చెప్పులు విప్పి, ఒక మూల కాగితాలు జరిపి నా ఎదురుగా కూర్చున్నాడు. చేతికందిన కాగితం ఒకటి తీసి చూసి, మళ్లీ అక్కడే పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"అడిగితే ఏం చూపిస్తావు విమలా?"

అతను లేచి వంటింట్లోకి వెళ్లి అన్నానికి ఎసరు పెట్టాడు. ఆ రోజు వంట అతని వంతు.

మళ్లీ ఎప్పుడూ ఇద్దరం ఆ ఊసు ఎత్తలేదు. రెండేళ్లకు నేనొక్కదాన్నే కొండెక్కాను. ఫూల్మతి పని మానేసి ఊరికి వెళ్లిపోయిందన్నారు. వానకి తడిసిన పాత రిజిస్టర్లు పారేశారన్నారు. ఫోటో మాత్రం ఉంది. అప్పుడప్పుడూ తీసి ఆ ఏడుల మీది అడ్డగీతలు చూస్తాను. అవి నావే. నేను మాత్రం అక్కడ లేను. ఈ రెండు వాక్యాలను కలిపే మూడో వాక్యం నాకు దొరకలేదు.

అయినా నన్ను నిద్రపోనివ్వనిది అది కాదు. విజ్ఞానానికి ఇంకా జవాబు దొరకనివి చాలా ఉన్నాయి, అందులో ఇదొకటి అనుకుని బతకగలను. భాస్కర్ ఆ రోజు నా ఎదురుగా కూర్చుని అన్న మాటలో ఉన్నది నమ్మకమో, జాలో, తీర్పో, నాకు తెలియదు. అడిగితే నిజమే చెబుతాడు. జీవితమంతా అందరినీ అడుగుతూ బతికిన నేను, పదేళ్లుగా ఆ ఒక్కటి అడగలేదు.