లింబాద్రి దస్తూరి

సౌదీలోని యాన్బులో మా కాంపౌండుకు మరమ్మతు పనికి వచ్చేవాళ్లు పని అయ్యాక ఒక చీటీ ముందు పెడతారు. ఇంటి నంబరు, ఏసీనా గీజరా, ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి వెళ్లారు, అంతే ఉంటుంది అందులో. కింద ఇంటివాళ్ల సంతకం, దాని పక్కన పనిచేసినవాడి సంతకం. నేను ఇక్కడికి వచ్చిన మొదటి జూలైలో పడకగది ఏసీ నుంచి నీళ్లు కారితే వచ్చిన మనిషి ఆ చీటీ మీద తెలుగులో 'లింబాద్రి' అని రాశాడు. ఎమ్మే చదివేటప్పుడు రెండేళ్లు తాళపత్రాల గదిలో గడిపిన దాన్ని. మంచి దస్తూరి కనిపిస్తే నాకు మాట రాదు. గ్రీజు అంటిన వేళ్లతో, గోడకు ఆనించి, అరిగిపోయిన పెన్నుతో రాసిన ఆ మూడక్షరాలు అచ్చులోంచి తీసి పెట్టినట్టున్నాయి.

ఆయన నా పుస్తకాల అర వైపు చూస్తున్నాడు. యాభై దాటిన మనిషి, నల్లగా, సన్నగా, మెడ మీద ఎండ కాల్చిన గీతలు.

"గిన్ని పుస్తకాలు విమానంల మోసుకచ్చినవా బిడ్డా?"

"బట్టలు తక్కువ తెచ్చుకున్నాను కాకా," అన్నాను.

గుమ్మంలో నిచ్చెన పట్టుకొని నిలబడ్డ ఇష్తియాక్, ఆయన జోడీ పనివాడు, పాకిస్తానీ, "జనరల్ సాబ్, చలో" అన్నాడు. జనరల్ ఎందుకని అడిగితే లింబాద్రి కాక కాస్త సిగ్గుపడ్డాడు. ఒక చైనా జనరల్ కథ తనకు మొత్తం నోటికి వచ్చట. క్యాంపులో ఓసారి చెబితే ఆ పేరే మిగిలిందట.

ఆ ఏసీ పాతది. నెలకోసారి ఆగిపోయేది. గ్యాసు ఎక్కిస్తూ మీటరు ముల్లు కదలడం కోసం ఎదురుచూసే ఆ ఇరవై నిమిషాల్లో, తలుపు బార్లా తెరిచి ఉండగా, జనరల్ షెన్ కథ నాకు విడతలుగా చేరింది.

షెన్ కొండ ఊళ్లో దొర బర్రెలు కాసేవాడు. ఒక బర్రెను పులి పట్టుకుపోతే దొర అతన్ని మూడు రోజులు ఎండలో నిలబెట్టాడు. నాలుగో రోజు పారిపోయి ఎర్రసైన్యంలో డోలీ మోసే పనికి కుదిరాడు. నడిచేటప్పుడు ముందు నడిచేవాడి వీపుకు ఒక అక్షరం రాసిన కాగితం గుచ్చేవారు. రోజంతా ఆ అక్షరం చూస్తూ నడవాలి. అట్లా నడిచి నడిచి చదువు నేర్చాడు. ఇరవై నాలుగేళ్లకు దళానికి నాయకుడు. మంచు కొండల్లో రెండు వేళ్లు పోయాయి. తోలు బెల్టు ఉడకబెట్టుకొని తిన్నాడు. ముప్పై ఐదేళ్లకు లక్ష మందికి సేనాపతి. కథ చివర, గెలిచిన పట్నంలో, ఛాతీ నిండా పతకాలతో వేదిక మీద నిలబడి కవాతు చూస్తుంటాడు.

"లక్షమంది పోతుంటే ఆయనకు ఆ డోలీ మోసిన దోస్తులే యాదికొస్తరు," అనేవాడు కాక, మీటరు మీంచి చూపు తిప్పకుండా. "గాడ పుస్తకం అయిపోతది."

"తర్వాత ఏమయ్యాడు?" అని అడిగాను. అక్టోబరు అనుకుంటాను.

"నేను గూడ గదే అడుగుతున్న. మొన్న ఇరవై మూడో నంబరు ఇంట్ల చైనా ఇంజనీరు ఏసీ చేసిన. పిల్లగాడే. మీ జనరల్ షెన్ ఎట్ల పోయిండు సాబ్ అన్న. ఆయన ఫోన్ల చైనా భాషల మాట్లాడిండు. ఫోను నాకు హిందీల చెప్పింది."

"ఏమని?"

"'నేను పైపుల ఇంజనీరును, హిస్టరీల నాకు మార్కులు రాలే' అని."

జనరల్ మాట వినబడగానే ఇష్తియాక్‌కు సంగతి అర్థమైంది, నవ్వాడు. కాక నవ్వలేదు. నిచ్చెన కింది మెట్టు మీద కూర్చున్నాడు.

"నువ్వు చదువుకున్నదానివి. ఏడన్న దొరుకుతదేమో చూస్తవా బిడ్డా? నాకు ఆయనతోని పనిబడ్డది."

అప్పుడు చెప్పాడు. ఎవరికో చెబుతున్నట్టు కాకుండా, మీటరుకు చెబుతున్నట్టు.

జగిత్యాల దిక్కు ఊరు. పది తప్పాక, పద్దెనిమిదేళ్లకు దళంలోకి పోయాడు. సంచిలో జనరల్ షెన్ కథ పుస్తకం. దళంలో చదువు వచ్చినవాళ్లు తక్కువ కాబట్టి చదివి వినిపించేదీ, ఉత్తరాలు రాసేదీ అతనే. అదే ఊరి గొర్లకాపరి పీరయ్య ఇతని వెంటే వచ్చాడు. పీరయ్యకు అక్షరం రాదు. కానీ పెళ్లాం లస్మవ్వ అంటే ప్రాణం. పదిహేను రోజులకోసారి లింబాద్రి పక్కన కూర్చొని ఉత్తరం చెప్పేవాడు. ఊళ్లో బడి పంతులు ఆమెకు చదివి పెట్టేవాడు.

తొంభై ఆరు ఎండాకాలంలో రెండు వారాల్లో దళంలో నలుగురు ఎదురుకాల్పుల్లో పోయారు. ఎవరో సమాచారం ఇస్తున్నారని తేలింది. పీరయ్యకు ఆడపిల్ల పుట్టింది. చెప్పకుండా రెండుసార్లు ఊరికి పోయి చూసి వచ్చాడు. అనుమానం ఆయన మీద ఆగింది.

"ఇప్పచెట్ల కింద మీటింగు పెట్టిండ్రు. కమాండర్ నన్ను పిలిచి, ఆ పుస్తకంల నది దాటే కాడి పేజీ చదువుమన్నడు. అండ్ల జనరల్ షెన్ అనుమానం మీద తన వార్తాహరున్ని కాల్పిస్తడు. దండు బతికి నది దాటుతది. మంచిగ చదివిన బిడ్డా. యాడ ఆగాల్నో ఆడ ఆగుకుంట చదివిన. అందరు తలకాయలు ఊపిండ్రు. గప్పుడు కమాండర్ ఎర్రపెన్ను ఇచ్చిండు."

శవం మీద పెట్టే చీటీ. 'పీరయ్య ఇన్ఫార్మర్. ప్రజల శత్రువు. అందుకే చంపినం.'

"వాని చేతులు కట్టి కూసోబెట్టిండ్రు. నేను రాస్తుంటే నా దిక్కు చూసిండు. వానికి చదువు రాదు గద. 'లస్మికా?' అన్నడు. నేను ఏం అనలే. 'బిడ్డను బడికి పంపుమని గూడ రాయి' అన్నడు. 'రాసిన' అన్న నేను."

మీటరు ముల్లు ఎప్పుడో ఆగిపోయింది. కాక లేస్తే ఇష్తియాక్ నిచ్చెన మడిచి బయటికి తీసుకుపోయాడు.

రెండేళ్లకు లింబాద్రి లొంగిపోయాడు. ఠాణాలో పేర్ల లెక్క చెబుతుంటే పీరయ్య పేరు రాగానే ఒక అధికారి తల ఎత్తి, "వాడా? వాడు మాకు ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పినవాడు వేరే" అన్నాడట, ఛాయ్ తాగుతూ. ఏజెంటును పట్టుకొని సౌదీ వచ్చాడు. బురైదాలో ఖర్జూర తోటలో తొమ్మిదేళ్లు, తర్వాత యాన్బు. పెళ్లి చేసుకోలేదు. సెలవు మీద వెళ్లినా నిజామాబాదులో గది తీసుకొని ఉండి వచ్చేవాడు. ఊరి పొలిమేర తొక్కలేదు.

"డిసెంబరుల కంపెనీ నాకు ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతున్నది. ఇగ ఊరికే పోవాలె. లస్మవ్వ ఆడనే ఉన్నది. ఇర్వై ఎనిమిదేండ్ల సంది ఇన్ఫార్మర్ పెండ్లాం. అది అబద్ధమని తెలిసినోన్ని నేనొక్కన్నే మిగిలిన. ఆమె ముంగటికి ఎట్ల పోవాలె? జనరల్ షెన్‌కు గూడ ఆ వార్తాహరుని ఇల్లు ఉండే ఉంటది గద. ఆయన ఏం చేసిండో తెలిస్తే..."

పది రోజులు వెతికాను. ఆ తెలుగు పుస్తకం అచ్చయ్యే నాటికి షెన్ బతికే ఉన్నాడు. అందుకే అది కవాతు దగ్గర ఆగింది. ఒక విశ్వవిద్యాలయం వాళ్లు నెట్‌లో పెట్టిన ఇంగ్లీషు జీవితచరిత్రలో మిగతాది దొరికింది. నోటితో చెప్పే ధైర్యం నాకు లేక, తెలుగులో రెండు పేజీలు రాసి ఉంచాను. ఫిల్టర్లు కడగడానికి వచ్చినప్పుడు చేతికిచ్చాను.

ఆయన చేతులు తుడుచుకొని, గుమ్మంలో వెలుతురుకు పట్టుకొని, పైకి చదివాడు. దళానికి చదివిన గొంతు అదే అయి ఉంటుంది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ.

కవాతు జరిగిన పదిహేడేళ్లకు జనరల్ షెన్‌ను సొంత మనుషులే ద్రోహి అన్నారు. మెడలో పలక వేలాడదీసి మైదానంలో మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. కిటికీకి చెక్కలు కొట్టిన గదిలో పెట్టి, నేరాలు ఒప్పుకుంటూ రాయమని దస్తాలకొద్దీ కాగితాలు ఇచ్చారు. మూడేళ్లు రాశాడు. ఒక పేజీలో ఇట్లా ఉంది: 'మీరు అడిగే నేరాలు నేను చేయలేదు. చేసింది మాత్రం ఎవరూ అడగడం లేదు. నది దగ్గర నేను కాల్పించిన కుర్రవాడు ఏ తప్పూ చేయలేదని నాకు ఆ ఏడాదే తెలిసింది. వాళ్ల అమ్మకు ఒక ఉత్తరం రాయనివ్వండి.' రాయనివ్వలేదు. ఆ చలికాలం ఆ గదిలోనే పోయాడు. పదేళ్లకు ఆయన నిర్దోషి అని భార్యకు టపాలో ఒక కాగితం వచ్చింది. ఆ కుర్రవాడి తల్లికి ఏ కాగితమూ వెళ్లలేదు.

"ఇంటి ఉత్తరమా?" అని ఇష్తియాక్ హిందీలో అడిగాడు. కాక కాగితాలు మడిచాడు.

"ఆయనను రాయనియ్యలే," అన్నాడు కాక. "నన్ను ఎవరు ఆపిండ్రు?"

నేను రాసి పెట్టనా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. ఆమెకు చదువు రాకపోయినా ఈ రాత గుర్తుపడుతుంది. తనే రాయాలి.

ఆ ఉత్తరం నా దగ్గరే రాశాడు, మా వంటింటి బల్ల మీద, శుక్రవారం మా ఆయన ఉదయకిరణ్ ఇంట్లో ఉన్నప్పుడు వచ్చి. ఆయన టీ పెట్టి ఇచ్చి లోపలికి వెళ్లిపోయారు. ఏడు కాగితాలు పాడయ్యాయి. అక్షరాలు మరీ అందంగా వస్తున్నాయని చించేశాడు. చివరికి మిగిలింది నాలుగు ముక్కలు: పీరయ్య ఇన్ఫార్మర్ కాదు. నాకు తెలుసు. ఆ చీటీ నేను రాసిన. చివరికి బిడ్డను బడికి పంపుమన్నడు, ఆ మాట నేను రాయలే.

ఊరి వాట్సాప్ గ్రూపులో పీరయ్య బిడ్డ సునీత నంబరు దొరికింది. కాగితం ఫొటో తీసి పంపించాం. పక్కన రెండు టిక్కులు పడ్డాయి. నీలంగా మారాయి. ఆ రోజు ఏమీ రాలేదు. మరునాడు రాలేదు.

పన్నెండో రోజు వాయిస్ మెసేజ్ వచ్చింది. ఒంటరిగా వినలేక మా ఇంటికి తెచ్చుకున్నాడు. ముప్పై నిండని గొంతు, కోపం లేదు, అలసట ఉంది.

"లింబాద్రి కాకా, నేను సునీతను. నాకు చదువు రాదే. ఇన్ఫార్మర్ బిడ్డ అని బడిల పిల్లలు రాళ్లు కొడితే అమ్మ రెండో తరగతిలనే బంద్ పెట్టించింది. నా బిడ్డతోని చదివించుకున్న. అమ్మకు ఫోన్ల పెద్దగ చేసి చూపెట్టిన. పెట్టెల నుంచి నాయిన ఉత్తరాలు, ఆ ఎర్ర చీటీ తీసి పక్కన పెట్టుకొని చూసింది. అక్షరాలు గవే అన్నది."

వెనక ఎక్కడో కుక్కర్ కూత వినబడింది.

"అప్పట్ల గీ రాతనే నమ్మి మీ నాయిన పీనుగు మీద ఏడ్వలే అన్నది. వీడు అబద్ధం రాయడు, మా ఆయన మనసుల మాట రాసేటోడు, వీడే రాసిండంటే నిజమే అనుకున్ననన్నది. ఫొటో గూడ ఇంట్ల పెట్టలే. ఇప్పుడు మల్ల గదే రాత. దేన్ని నమ్మాలె బిడ్డా అని నన్ను అడుగుతున్నది. నాకేం తెలుసు? మూడొద్దుల సంది ముద్ద ముడుతలేదు. ఇగ ఏం రాయకు కాకా."

అంతే. మళ్లీ వినలేదు. ఫోను జేబులో పెట్టుకొని, బల్ల మీద నా పెన్ను ఉంటే దాని మూత పెట్టి, పక్కకు జరిపాడు.

"నమ్ముతరనే గద మంచిగ రాసుడు నేర్చుకున్న," అన్నాడు. "ఇప్పుడు ఎవల ముంగటికి పోయి ఏం చెప్పినా, చెప్పేది నేనే గద బిడ్డా."

ఓదార్పుగా ఏదో ఒకటి చెప్పాల్సింది. ఆమె ముద్ద ముట్టట్లేదు కదా, నమ్మబట్టే కదా అని చెప్పొచ్చేమో. నాకు ఇప్పటికీ తెలియదు. అప్పుడు మాత్రం లేచి ఆయనకు టీ పెట్టాను.

డిసెంబరులో ఆయన ఊరికి పోలేదు. బురైదాలో పాత కఫీలు, ఆ ఖర్జూర తోట యజమాని, ముసలివాడై ఇంకా ఉన్నాడట. ఎగ్జిట్ వద్దని ఆయన కిందికి మారాడు. నీళ్లు పెట్టే పని, తోటలోనే రేకుల గది. చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎవరూ లేరని ఇష్తియాక్ చెప్పాడు. అది వినే ఒప్పుకున్నాడని కూడా చెప్పాడు.

వెళ్లే ముందు చివరిసారి మా ఏసీ చూశాడు. కొత్త కంప్రెసర్ వేశాడు, ఇక ఆగదన్నాడు. కథ చెప్పలేదు, నేనూ అడగలేదు. చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. నేను సంతకం చేసి పెన్ను అందించాను. తీసుకోలేదు. పాత కంప్రెసర్ అడుగున పేరుకున్న నల్లటి జిడ్డులో బొటనవేలు ముంచి, పేరు ఉండాల్సిన చోట అద్దాడు.

ఇష్తియాక్ ఆశ్చర్యంగా, "జనరల్ సాబ్, మీకు రాయడం వచ్చు కదా" అన్నాడు హిందీలో.

"నహీ," అన్నాడు లింబాద్రి కాక, వేలు ప్యాంటుకు తుడుచుకుంటూ.